అత్త దగ్గర ఉంచిన కవరు

నా కోడలు పోయిన కబురు తెలియని నంబరు నుంచి వచ్చింది. ఆ ఫోన్ నేను రెండుసార్లు కట్ చేశాను.

పొద్దున పదకొండు గంటల వేళ. తిరుత్తణిలో మా ఇంటి వంటగదిలో చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. ఎవరో మగమనిషి తమిళంలో, మీ ఇంటి మేడంకు సీరియస్‌గా ఉంది, వెంటనే తిరువళ్ళూరు ఆసుపత్రికి రండి అన్నాడు. నేను మాట్లాడకుండా పెట్టేశాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ పెట్టేశాను. ఎందుకంటే నా కోడలు నాకు నేర్పింది అదే.

"అత్తా, ఎవురన్నా ఫోన్ చేసి మీవాళ్ళకి ఆక్సిడెంట్ అయింది, సీరియస్‌గా ఉండాది, బిన్నా రా అంటే పెట్టేసెయ్. తొందరపెట్టేవాణ్ణి నమ్మొద్దు. పెట్టేసి నాకు చెయ్. నేను తీస్తాను."

ఆమె చెప్పినట్టే ఆమె నంబరుకు చేశాను. రెండో రింగుకే తీశారు. హమ్మయ్య అనుకున్నాను. కానీ "అమ్మా" అన్నది అదే మగ గొంతు. అతను ఆసుపత్రిలో ఆమె దగ్గర పనిచేసే గుమాస్తా. ఏడుస్తున్నాడు.

తలనొప్పిగా ఉందని బల్ల మీద తల వాల్చిందట. అది ఆసుపత్రే కాబట్టి డాక్టర్లు పరుగెత్తుకుని వచ్చారు. తలలో నరం చిట్లింది అన్నారు. నా కొడుకూ నేనూ చేరేసరికి అంతా అయిపోయింది. నలభై నాలుగేళ్ళు.

ఆమె నాకు కోడలు కాకముందు మేనకోడలు. ఆరణి దగ్గర మా పుట్టింట్లో నా అన్న కూతురు. చదువంతా తమిళంలోనే. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయాలంటే ఒక్కో అక్షరం తడుముకుంటుంది. నేను చదివింది ఐదో తరగతే అయినా తెలుగు బళ్ళో చదివాను, అందుకని ఆ ఒక్క విషయంలో నాకు ఆమె మీద కాస్త అధికారం ఉండేది. మిగతా అన్నిటిలో ఆమెదే పైచెయ్యి.

తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె మేనేజరు. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేది. రైలు ఆలస్యమైతే నాకు గుండెదడ. వాన పడితే దడ, పడకపోతే కరెంటు పోతుందేమోనని దడ. నా సంగతి మా వీధి అందరికీ తెలుసు. గ్యాసు ఆపానో లేదోనని బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చిన మనిషిని నేను.

మూడేళ్ళ కిందట ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. కంప్యూటర్లో ఎవరో పంపిన ఉత్తరం ఎవరో తెరిచారట, దాంతో లోపలికి దొంగ దూరినట్టయింది. రెండు రోజులు ఏ రోగి కాగితమూ కనిపించలేదు. ఒక ముసలాయన తాను వేసుకునే మందు పేరు చెప్పలేక, మాత్ర రంగు చెప్పి కూర్చున్నాడట. ఆ సాయంత్రం కోడలు కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప దగ్గరే కూర్చుంది.

"రోగం డాక్టరు చూసుకుంటాడు అత్తా. రోగి కాగితం ఎవురు చూసుకోవాల? నేనే గదా. నాకేమో దాని గురించి అ ఆలు తెలీదు."

తర్వాత నెలలోనే చదువులో చేరింది. ఉద్యోగంలో ఉన్న మేనేజర్ల కోసమే పెట్టిన పెద్ద చదువు అది. సంస్థల దగ్గరుండే సమాచారాన్ని ఎలా కాపాడాలి, ఎవరి చేతిలో ఏ తాళం ఉండాలి, ఒక తాళం పోతే ఏం చేయాలి, ఇవన్నీ అందులో చెబుతారు. క్లాసులు ఆదివారం. కొన్ని ఫోనులోనే, కొన్నిటికి మద్రాసు పోవాలి.

నేను ఊరుకోలేదు. "నలభై దాటినాక పలక పట్టుకుంటావా? రక్తపోటు మాత్ర మింగేదానివి నీకు పరీక్షలెందుకే? నలుగురూ నవ్వరా?" అన్నాను.

"నీ ఫోన్‌కి ఒకటి రెండు మూడు నాలుగు అని తాళం పెట్టుకున్నావు గదత్తా. నిన్ను చూసినాకే చదవాలనిపించింది" అంది.

నా కొడుకు పగలబడి నవ్వాడు. వాడి ఫోన్‌కి అసలు తాళమే లేదు.

ఆమె చదువు గురించి నాకు తెలిసింది కొంచెమే. కానీ ఒక ఆదివారం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నది మాత్రం మరిచిపోలేను. ఒక చోట ఏమేం అపాయాలు రావచ్చో పట్టీ రాసుకుని రమ్మని వాళ్ళ మేడం చెప్పిందట.

"అత్తా, నీకు ఏమేమి భయమో వరసగా చెప్పు. దాచుకోకుండా చెప్పు."

"ఎగతాళి చేస్తాండావా అమ్మణ్ణీ?"

"దేవుడి తోడు, లేదు. నీకన్నా బాగా ఎవురు చెప్తారు?"

చెప్పాను. గ్యాసు, దొంగలు, పాము, మెట్ల మీద నాచు, కొడుకు బండి, బ్యాంకు కార్డు, బీరువా తాళంచెవి ఒక్కటే ఉండటం. ఆమె గీతలు గీసి రాసుకుంటూ పోయింది. ఇది జరిగేదానికి అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత, ముందే ఏం చేయొచ్చు అని ఒక్కొక్కదానికీ అడిగింది. ముప్పై ఏడు వచ్చాయి. డెబ్బై ఏళ్ళుగా అందరూ నన్ను నోరుమూసుకోమన్నవారే. నా భయాలకు గీతలు గీసి గడులు కట్టిన మనిషి ఆమె ఒక్కతే. రెండు వారాల తర్వాత వచ్చి, "నీ భయాలకి క్లాసులో మొదటి మార్కు వచ్చింది అత్తా" అని నా బుగ్గ గిల్లింది. బీరువాకు రెండో తాళంచెవి చేయించి తెచ్చింది కూడా.

"భయపడేది తప్పు కాదు. భయపడి ఊరికే కూర్చునేదే తప్పు" అనేది. నేను ఊరికే కూర్చోలేదు. అదే నేను చేసిన తప్పు.

చదువు ఆఖరి ఏడాదిలో పెద్ద రిపోర్టు రాయాలి. ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్ళను ఫోన్లలో ఎలా మోసగిస్తున్నారు, వాళ్ళ కాగితాలను చిన్న ఆసుపత్రులు తక్కువ ఖర్చుతో ఎలా కాపాడుకోవచ్చు అన్నది విషయం. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎంతమందిని అడిగిందో! ఆ రిపోర్టు అంతా ల్యాప్‌టాప్‌లో ఉంది. దానికి నకళ్ళు ఇంకో రెండు చోట్ల దాచింది. మూడింటికీ తాళాలు వేసింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నా చేతిలో కవరు పెట్టింది. అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేసి ఉంది.

"ఇందులో నా ల్యాప్‌టాప్, ఫోన్ తాళాలన్నీ రాసి ఉండాయి అత్తా. ఆసుపత్రి తాళాలు ఇట్లే వేరే కవరులో పెద్దసారు దగ్గర పెట్టినాను. ఇల్లు అన్నాక ఇంట్లో కూడా ఒకరి దగ్గర ఉండాల."

"నీ మొగుడికియ్యి."

"ఆయనకా? గొడుగు యాడ పెట్టినాడో మూడేళ్ళుగా వెతుకుతాండాడు. భయపడే మనిషి దగ్గర వస్తువు పోదు."

కవరు మీద నేను చదవగలగాలని తెలుగులో రాసింది. వంకర అక్షరాలు. "నేను లేనప్పుడు తెరవాలి."

బతికున్న పిల్ల, నా అన్న కూతురు, తన చేత్తో రాసిచ్చిన మాట అది. చీరల పెట్టెలో అడుగున పెట్టాను. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ అక్షరాలు కనిపించేవి. చీరలు మార్చి మార్చి కప్పాను. ఆ కాగితం ఇంట్లో ఉన్నన్నాళ్ళు అది దేన్నో పిలుస్తూ ఉంటుందనిపించింది. ఆమెకు తిరిగి ఇచ్చేస్తే నొచ్చుకుంటుంది. చించేద్దామంటే చేయి రాలేదు.

ఆడికృత్తిక పండుగకు మా వీధి ఆడవాళ్ళతో మా ఊరి కొండ మీది స్వామి గుడికి పోయాను. కవరును పసుపు గుడ్డలో చుట్టి రవికెలో పెట్టుకుని పోయాను. భక్తులు మోసే మొక్కు కావళ్ళ మధ్య, పూల వాసనలో, ఒత్తుకుంటూ తోసుకుంటూ హుండీ దగ్గరికి చేరాను. "స్వామీ, దీన్ని నీ దగ్గరే ఉంచుకో. దీన్ని తెరిచే పని ఎప్పటికీ రానీయొద్దు" అని లోపల వేసేశాను. దిగేటప్పుడు మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు. అంత తేలికపడ్డాను.

తర్వాత ఒకరోజు అన్నం తింటూ అడిగింది. "అత్తా, కవరు భద్రమేనా?"

"భద్రంగానే ఉండాదిలే" అన్నాను. అబద్ధం చెప్పాననుకోలేదు. ఆ కొండ కంటే భద్రమైన చోటు ఏముంటుంది అనుకున్నాను.

కర్మలు అయిన వారానికి ఆమెకు చదువు చెప్పిన మేడం నా కొడుకుకు ఫోన్ చేసింది. రిపోర్టులో మొదటి రెండు భాగాలే తమ దగ్గర ఉన్నాయని, మిగతా నాలుగూ దాదాపు పూర్తయ్యాయని నా కోడలు చెప్పిందని, అవి గడువులోగా పంపితే పట్టా ఆమె పేరున ఇప్పించడానికి తాను మాట్లాడతానని అంది. మరునాడు ఆ గుమాస్తా కోడలి ఆఫీసు డైరీ తెచ్చిచ్చాడు. అందులో ఏది ఎవరి దగ్గర ఉందో రాసి పెట్టింది. "ఇంటి కవరు: అత్త దగ్గర."

"అమ్మా, కవరు యాడ పెట్టినావు?" అన్నాడు కొడుకు. వాడి ముఖంలో అన్నాళ్ళకు మొదటిసారి కాస్త వెలుగు చూశాను.

"పెట్టెలో ఉంటుంది, చూడు నాయనా" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వాడు పెట్టె నేల మీద బోర్లించాడు. ఒక్కో చీర మడత విప్పి దులిపాడు. బీరువా వెతికాడు, బియ్యం డబ్బా వెతికాడు. రెండు రోజులు నేనూ వాడితో కలిసి వెతికినట్టు తిరిగాను. మూడో రోజు వాడు మళ్ళీ పెట్టె దగ్గర కూర్చుంటే ఇక తట్టుకోలేకపోయాను.

"నాయనా, అది పెట్టెలో లేదు."

"మరి యాడ ఉండాది?"

"కొండ మీద. హుండీలో ఏసేసినాను."

"తాళాల కాగితమా?" అన్నాడు. సరిగా వినలేదేమో అన్నట్టు చూశాడు. "ఎందుకమ్మా?"

"ఇంట్లో ఉంటే ఆమెకేమన్నా అవుతుందని."

వాడు నన్ను తిట్టలేదు. జన్మలో చీర మడిచి ఎరగనివాడు, చేతిలో ఉన్న చీరను మడిచాడు. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచాడు. "నన్నడిగిందమ్మా, నీకియ్యాలా అమ్మకియ్యాలా అని. అమ్మకే ఇయ్యి అని నేనే చెప్పినాను" అన్నాడు.

కొండకు పోయి అడిగాం. ఆ హుండీ ఎప్పుడో తెరిచి లెక్క చూసేశారు. మొక్కుల చీటీలు సంచుల కొద్దీ వస్తాయి, అవేవీ ఉండవమ్మా అని అక్కడి పెద్దాయన మెల్లగా చెప్పాడు. నా ముఖం చూసి విభూది ఇచ్చాడు.

తిరువళ్ళూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగడికి ల్యాప్‌టాప్ తీసుకుపోయాం. అతను నాలుగు రోజులు ఉంచుకుని తల అడ్డంగా ఊపాడు. "అవ్వా, అంతా తుడిచేసి కొత్తగా వాడుకోవచ్చు. లోపల ఉండేది మాత్రం రాదు. ఎవురు వేసినారో, రొంబ నల్లా వేసినారు తాళం." అంత బాగా వేసిందట. ఆ మూడేళ్ళ చదువును మెచ్చుకున్న ఆఖరి మాట అదే. దానికి సంతోషించాలో ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఆమెను తలచుకుంటూ చాలామంది మంచి మాటలు చెప్పారు. మేనేజరమ్మ ఓపిక, మేనేజరమ్మ నవ్వు అన్నారు. అందరూ వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని, ఇలాంటి అత్త దొరకడం ఆమె అదృష్టం అన్నారు. ఆ మాట మోయలేకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇలాంటి కాగితం చేతికిస్తే, దయచేసి నాలా చేయకండి. ఆ అక్షరాలు ఎవరినీ పిలవవు. నేను కాగితాన్ని పంపేస్తే చావు పోతుందనుకున్నాను. చావు రానే వచ్చింది, కాగితం మాత్రం లేదు.

నిన్న పొద్దున ఆమె ఫోన్ మోగింది. ఛార్జి అయిపోతే ఆమె ఇంకా దూరమైపోతుందేమోనని రోజూ వైరు పెట్టి దేవుడి గూటి పక్కనే ఉంచుతున్నాను. ఎవరో చేశారనుకుని చూస్తే ఎవరూ కాదు. తాళం వేసిన అద్దం మీద ఏవో తమిళ అక్షరాలు వెలిగాయి. కొడుకును పిలిచాను. వాడు స్నానం చేసిన తడి తలతోనే వచ్చి చదివాడు.

"ఏం రాసింది?"

"ఈ పొద్దే ఆఖరు. రిపోర్టు పంపాల అని రాసిపెట్టుకుందమ్మా."

వాడు వేలితో నొక్కితే ఆగింది. పది నిమిషాలకు మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మోగింది. మరిచిపోకుండా ఉండాలని అలా పెట్టుకుంది కాబోలు. వాడు ఆఫీసుకు పోలేదు. నేను పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం దాటింది, వాకిట్లో ఎండ గోడ ఎక్కింది. వైరు పీకేస్తే చాలు, కాసేపటికి అదే ఆగిపోతుంది. గోడ దగ్గర కూర్చుని ఆ వైరు వంకే చూస్తున్నాం. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. మళ్ళీ మోగింది.