ఏసుపాదంగారి జానెడు తీగ

దేవుడు మట్టి తొక్కి మనిషిని చేసేటప్పుడు, ముద్ద సరిగ్గా కలిసిందో లేదో మా తాతయ్యనే పిలిచి అడిగాడు. నమ్మనివాళ్ళు ఆటోనగర్ వచ్చి కనుక్కోండి. పాత లారీ టైర్లకు కొత్త రబ్బరు అతికించే షెడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏసుపాదంగారి మాట లేనిదే జిగురు డ్రమ్ము తెరిచింది లేదు.

ఆ జిగురును సొల్యూషన్ అంటారు. పచ్చి రబ్బరు ముక్కల్ని పెట్రోల్లో నానబెడితే తయారవుతుంది. తాతయ్య అందులో కర్ర ముంచి పైకెత్తేవాడు. కర్రకంటిన జిగురు తీగలా జానెడు సాగి తెగితే "వాడండి" అనేవాడు. ముందే తెగితే "నాననివ్వండి". యజమాని జక్కయ్యగారైనా సరే, ఆ మాట కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. "ఇంట్లో కూరలో ఉప్పు చాలిందో లేదో చెప్పలేడు గానీ!" అనేది మా నాయనమ్మ.

నిరుడు జక్కయ్యగారి అమ్మాయి సుస్మిత యూనివర్సిటీలో ఇలాంటి జిగురుల మీదే పరిశోధన చేస్తూ షెడ్డుకొచ్చింది.

"అణువుల్ని విడివిడిగా లెక్కపెట్టం తాతగారూ. డ్రమ్ములో ఉన్నదంతా ఎక్కడా సందు లేని ఒకే పదార్థం అనుకుంటాం. సాగదీస్తే అది కొంత శక్తిని లోపల దాచుకుంటుంది, కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ రెండూ తెలిస్తే ఎంత సాగుతుందో సమీకరణాలే చెప్పేస్తాయి."

"దాచుకోవడమేంటమ్మా, నిన్న కలిపిన కలుపుడు దానికి ఇవాళ కూడా గుర్తుంటుంది," అన్నాడు తాతయ్య.

ఆమె గబగబా రాసుకుంది. ఎండ ఎంత, రబ్బరెంత, తీగెంత అని ఎనిమిది నెలలు అడిగింది. ఈయన అడగనివి కూడా చెప్పాడు. కాస్త పొగిడితే చాలు, మా తాతయ్య కట్టుకున్న లుంగీ కూడా ఇచ్చేస్తాడు.

ఈ వేసవిలో తీగలు జానెడు రావడం మానేశాయి. వరసగా నాలుగు డ్రమ్ముల్ని "నాననివ్వండి" అన్నాడు. టైర్లు గుట్టపడ్డాయి. నేను క్యారేజీ తీసుకెళ్ళిన రోజున జక్కయ్యగారు అరుస్తున్నారు.

"అమ్మాయి లెక్క ప్రకారం నానడం అయిపోయింది, నువ్వేమో కాలేదంటావు. ఇవాళ తేలిపోవాలయ్యా. నీది తప్పయితే డ్రమ్ము వదిలేసి రేపట్నుంచి గేటు దగ్గర కూర్చో."

"తేలనివ్వండి," అని తాతయ్య కర్ర ముంచాడు. తీగ బెత్తెడు రాకుండానే తెగింది. చూశారా అన్నట్టు అందరివంకా చూశాడు.

సుస్మిత అదే కర్ర అందుకుని ఎత్తింది. తీగ జానెడు దాటింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దాటింది. ఆ డ్రమ్ములోని జిగురుతోనే ముందురోజు అతికించిన ముక్కను పట్టకారుతో లాగించింది. రబ్బరు చిరిగింది గానీ అతుకు ఊడలేదు. ఆఖరికి తాతయ్య కర్ర ఎత్తుతుండగా ఫోన్లో తీసిన వీడియోను నెమ్మదిగా నడిపించి చూపింది.

"సొల్యూషన్ బాగానే ఉంది నాన్నా. తాతగారి చెయ్యి వణుకుతోంది. ఆ వణుక్కే తీగ తెగుతోంది," అంది, మార్కులు చదివినట్టు.

"అయితే నానాల్సింది డ్రమ్ము కాదండీ, తాతే!" అన్నాడు టైర్లు గీకే బాబీ. షెడ్డంతా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

తాతయ్య ఎడమచేత్తో కుడి మణికట్టును బిగించి పట్టుకుని మళ్ళీ ముంచాడు. తెగింది. ఇంకోసారి ముంచాడు. తెగింది. మూడోసారి వంగబోతుంటే జక్కయ్యగారే కర్ర లాక్కున్నారు.

ఆటోలో ఇంటికొస్తూ ఊరడిద్దామని, "తాతయ్యా, నీ కథ రాసేటప్పుడు ఆ అమ్మాయి లెక్కే తప్పని రాసేస్తాలే," అన్నాను.

"లెక్క రైటే. దానికి నేర్పింది నేనే. చెయ్యే పాడైంది, అదే రాయి. నువ్వు కూడా నవ్వావు చూడు, అదీ రాయి."