రెండో మనిషి కుర్చీ

రిమ్మా ల్వోవ్నా ఎలాంటిదని మా సంస్థలో ఎవరినడిగినా మొండి మనిషి అనేవాళ్లు. నేను మాత్రం ఒంటరి మనిషి అంటాను. తోమ్స్క్‌లో మా లేజర్ల సంస్థ స్టోరు నా చేతి కింద ఉండేది. తీగ కావాలన్నా, బోల్టు కావాలన్నా ఈ తైసియా కిటికీ దగ్గరికి రావలసిందే. వచ్చినవాళ్లు ఇంట్లో గొడవలన్నీ వినిపించి, ఒకటడిగి రెండు పట్టుకుపోయేవారు. రిమ్మా మాత్రం కావలసింది చెప్పి, తీసుకుని వెళ్లిపోయేది. ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో నాకు చాలాకాలం తెలియదు.

ఆవిడ పని రాగి ఆవిరి లేజర్‌ను వెలిగించడం. గొట్టంలో రాగి ముక్కలుంటాయి. వాటి మీద వేల వోల్టుల కరెంటును ఆపకుండా దెబ్బ మీద దెబ్బగా కొడుతూ ఉంటే, ఆ వేడికే రాగి కరిగి, ఆవిరై వెలుగుతుంది. కెపాసిటర్‌లో కరెంటు నిండుతుంది. థైరట్రాన్ అనే పెద్ద గాజుబుడ్డి దానికి తలుపు. ఆ తలుపు తెరుచుకోగానే నిండినదంతా ఒక్క ఉదుటున గొట్టంలోకి దూకుతుంది, మళ్లీ తలుపు పడుతుంది. సెకనులో వేలసార్లు ఇదే వరస, దాంతో గదంతా సన్నగా ఈల వేసినట్టుంటుంది. రిమ్మా బతుకంతా ఆ తలుపు తీయడంలోనూ, వేయడంలోనూ గడిచింది.

ఆ గదిలో ఒంటరిగా స్విచ్చి వేయకూడదని నియమం. రెండో మనిషి ఉండాలి. గొట్టం వేడెక్కడానికి గంట పైన పడుతుంది, అంతసేపూ కూర్చోవాలి. ప్రమాదం జరిగితే మీట దించాలి. ఆపేశాక, చివర రాగి కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర తీసుకుని, యంత్రం చుట్టూ ఉన్న ఇనుప జాలీలోకి చాచి కెపాసిటర్‌కు తగిలించాలి. మిగిలిన కరెంటంతా దానికి కట్టిన తీగ వెంట భూమిలోకి పోతుంది. లోపలికి వెళ్లే మనిషి ముందు అడగాలి, "తగిలించారా?" అని. "తగిలించాను" అనే మాట చెవిన పడకుండా గుమ్మం దాటకూడదు.

ఆవిడకు రెండో మనిషి వెనియమీన్ అర్కాద్యెవిచ్. భార్య పోయినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆ గంటసేపూ ఇద్దరూ టీలో నల్లద్రాక్ష జామ్ కలుపుకుని తాగుతూ, సీడర్ గింజలు కొరుకుతూ కూర్చునేవాళ్లు. గొట్టంలో ముందు నారింజ రంగు కనబడేది. ఆ తర్వాత ఆకుపచ్చ రాగానే, "వచ్చింది" అనేవాడాయన. "పసుపు కూడా రానివ్వండి" అనేది ఈవిడ. ఎన్ని ఏళ్లయినా మీరు, మీరు అనే. ఆవిడ పిన్ను కోసం స్టోరుకొచ్చినప్పుడు ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను, "ఏమండీ, పప్పన్నం ఎప్పుడు పెడతారు?"

"గొట్టం వేడెక్కాక" అంది. నవ్వింది కూడా. నేను ఆవిడ నవ్వు చూసింది అప్పుడే.

తోమ్ నది మంచు పగిలే రోజుల్లో వెనియమీన్ ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర బంధువులు ముందు వరసలో నిలబడ్డారు. రిమ్మా వెనకాల, బిర్చి చెట్ల దగ్గర నిలబడింది. ఏ వరసలో నిలబడాలో పాపం ఆవిడకే తెలియలేదు.

ఆ తర్వాత విభాగం పెద్ద గ్లేబ్ ఇగ్నాత్యెవిచ్ ఆవిడను పిలిచాడు. "రెండో మనిషిని మీరే చూసుకోండి, రిమ్మా ల్వోవ్నా. మంచు పడేలోగా దొరక్కపోతే ఆ గది వేరేవాళ్లకు ఇచ్చేయాలి. గొట్టం విప్పేస్తాం."

జన్మలో ఎవరినీ ఏదీ అడగని మనిషి గది గదికీ తిరిగింది. ఊరికే కూర్చోవడానికి గంట తీరిక ఎవరికుంటుంది? పొగ తాగడానికైతే ఉంటుంది! చివరికి నా కిటికీ దగ్గరికొచ్చింది.

"తైసియా, మీరు భద్రతా పరీక్ష పాసయ్యారు కదా?"

"పాసయ్యాను. అయితే?"

"ఊరికే కూర్చుంటే చాలు."

"నేను ఊరికే కూర్చోలేనమ్మా. వాగుతాను."

"వాగండి" అంది, పళ్లు బిగించుకుని.

వాగాను. మా మరిది తాగుడు, ట్రాముల ఆలస్యం, పుట్టగొడుగుల ఊరగాయ, అన్నీ చెప్పాను. ఆవిడ తల ఊపేది. జామ్ సీసా నా ముందుకు జరిపేది. ఆకుపచ్చ రాగానే నేను "అబ్బ, ఎంత బాగుందో!" అని అరిచేదాన్ని. ఆవిడ నన్ను కాదు, నేను కూర్చున్న కుర్చీని చూసేది. ఆ చూపుకు నాకు కోపం వచ్చేది. తర్వాత జాలేసేది. గదిలో ఇద్దరం ఉన్నా ఆవిడ ఒక్కతే ఉండేది.

ఆకులు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం గొట్టం బాగా వెలుగుతుండగా ఈల ఠక్కున ఆగిపోయింది. థైరట్రాన్ ముసలిదైంది, తలుపు తీయడం మానేసింది. రిమ్మా లేచి కరెంటు ఆపింది. తలుపు తెరుచుకోలేదంటే కెపాసిటర్ నిండా ఉన్నట్టే. నేను టీ గ్లాసు కింద పెట్టి కర్ర కోసం గోడ వైపు వెళ్లాను.

"వేన్యా, తగిలించావా?"

నా వెనక వినబడిన ఆ గొంతు రిమ్మాదే. వేన్యా అంటే వెనియమీనే, ఆయన్ని ఆవిడ అంత చనువుగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. అంత మెత్తటి గొంతు ఆవిడకుందని నేను ఎరగను. గదిలో ఎవరూ బదులు చెప్పలేదు. ఒక్క క్షణం ఆగి, "సరే" అని, జాలీ తలుపు తీసి కాలు లోపల పెట్టింది.

"తగిలించలేదూ!" అని అరుస్తూ వెళ్లి కోటు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం. లేచి, గోడకున్న కర్ర తీసి చాచి తగిలించాను. తుపాకి పేలినట్టు ఢామ్మంది, నీలం నిప్పు లేచింది. ఆ నిప్పు ఆవిడ చేతికి తగలవలసింది.

"ఏం మనిషివమ్మా నువ్వు! చెవులు పనిచేయడం లేదా? నేను చెప్పకుండానే లోపలికి పోతావా?" నోటికొచ్చినట్టు తిట్టాను. భయం నాకు తిట్ల రూపంలోనే బయటికొస్తుంది.

ఆవిడ నేల మీదే కూర్చుని ఉంది. "చెప్పాడు, తైసియా. స్పష్టంగా వినబడింది" అంది. కుర్చీ వైపు చూసి, "రోజూ వినబడుతోంది. మీరు మాట్లాడుతుంటే సరిగా వినపడదని మీ మీద విసుక్కునేదాన్ని" అంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు తనే గ్లేబ్ ఇగ్నాత్యెవిచ్ బల్ల మీద తాళంచెవి పెట్టింది. ఆయన ఆశ్చర్యపోయాడు. "రెండో మనిషి దొరికిందిగా?"

"దొరికింది. మొదటి మనిషే పనికిరాదు" అంది. ఎవరి కోసం గది గదికీ తిరిగి ఆ గదిని నిలబెట్టుకుందో, ఆయన గొంతు వినబడడం వల్లే దాన్ని వదులుకుంది.

మంచు పడ్డాక గొట్టం విప్పడానికి ఇద్దరు పనివాళ్లు వచ్చారు. కేబుళ్లు అప్పటికే కోసేశారు. వెనియమీన్ తన చేత్తో చుట్టిన కాయిల్ ఒకటి లోపలుంది, అది తీసుకోవడానికి రిమ్మా వచ్చింది. జాలీ గుమ్మం దగ్గర ఆగి, "తగిలించారా?" అని అడిగింది.

పనివాళ్లు పకపక నవ్వారు. "కరెంటే లేదు కదమ్మా! వెళ్లండి, ఏం కాదు."

ఆవిడ కదలలేదు. వాళ్ల నవ్వు ఆగిపోయింది. నేను గోడకున్న కర్ర తీసుకుని, చచ్చిన ఆ కెపాసిటర్‌కే తగిలించాను.

"తగిలించాను, రిమ్మా ల్వోవ్నా."

ఆవిడ వెనక్కి తిరిగి, ఆ మాట అన్నది ఎవరో చూసుకుంది. నేనే. అవునని తల ఊపి, అప్పుడు లోపలికి వెళ్లింది.