చదవకుండా తిరిగిచ్చిన అధ్యాయం

మా తమ్ముడు పెద్దాపురం దగ్గర రైసు మిల్లులో ఫిట్టరు. వారం రోజుల జ్వరం తర్వాత నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడు. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజుకే గుండె దాదాపు చేతులెత్తేసింది. తొడ దగ్గర రెండు లావు గొట్టాలు పెట్టి, రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి తిరిగి లోపలికి పంపే యంత్రానికి కలిపారు. దాన్ని ఎక్మో అంటారు.

మర్నాడు, గుండె నుంచి తీసిన చిన్న ముక్క తాలూకు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ మా మరదలి ముందు కాగితం పెట్టింది.

"రోగనిరోధక శక్తిని బాగా తగ్గించే మందులు మొదలుపెట్టాలండి. ఇన్ఫెక్షన్లు రావచ్చు. ఒప్పుకుంటే సంతకం పెట్టండి."

మరదలు పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. మందు చీటీ అయినా, బ్యాంకు కాగితమైనా మా ఇంట్లో నేనే చదివి చెప్పాలి. పదో తరగతితో బడి మానేసినా, ఊళ్ళో గ్రంథాలయంలో సైన్సు బీరువా ముప్పాతిక వంతు చదివినదాన్ని.

"ఆగు," అన్నాను. "జ్వరంతో వచ్చినవాడికి ఉన్న శక్తి కూడా తీసేస్తారా అండీ? ఒంటికి అదే కాపలా అని నేను పుస్తకంలో చదివాను."

"కరెక్టేనండి. ఆ కాపలాయే ఇప్పుడు గుండె కండరాన్ని పాడుచేస్తోంది. ముక్కలో కనిపించింది."

"మరి మెషినుంది కదండీ?"

"మెషిను గుండెని బాగుచెయ్యదు, మాకు టైమిస్తుందంతే. ఆ టైము మీరిక్కడ వాడేస్తున్నారు."

మరదలు నా మోచెయ్యి గిల్లింది. "ఏంటి వదినా, ఆవిడకి పరీక్ష పెడుతున్నారా? సంతకం చెయ్యనా, వద్దా?"

"చెయ్యి," అన్నాను.

మందులు ఎక్కించాక మూడు రోజులు ఏ మార్పూ లేదు. నాలుగో రోజు స్కానులో గుండె కొంచెం గట్టిగా కదిలింది. యంత్రం వేగం తగ్గిస్తూ వచ్చి, తొమ్మిదో రోజు గొట్టాలు తీసేశారు.

వాడు ఇంటికొచ్చాక గ్రంథాలయానికి వెళ్ళి అదే పుస్తకం తీశాను. శరీరం తన మీద తానే తిరగబడడం గురించి చివరి అధ్యాయంలో వివరంగానే ఉంది. గడువు అయిపోయిందని అప్పట్లో దాన్ని చదవకుండానే తిరిగిచ్చేశాను. ఈసారి ఇంటికి తెచ్చుకున్నాను.

తమ్ముడు మాస్కు సర్దుకుంటూ అడిగాడు. "ఏం రాశారక్కా అందులో?"

"నీ జబ్బు గురించే."

"చివర్లో బతికానా?"

"ముందు మాత్రలు వేసుకో," అన్నాను.