అన్నీ పాసైన మధ్యాహ్నం

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదిలో అమ్మ మగ్గం నేస్తుంది. వెనకగదిలో కూర్చుని నేను బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా సాఫ్ట్‌వేర్ పత్తి గోడౌన్లకు కాపలా కాస్తుంది. పట్టీలతో బిగించి కట్టిన పత్తి బేళ్ల మధ్య దూర్చిన తీగల చివర వేడిని కొలిచే సెన్సర్లు ఉంటాయి. వేడి హద్దు దాటితే అక్కడి మనుషుల ఫోన్లకు అలారం పోవాలి. పత్తి బేలు లోపల నిప్పు పడితే మంట వెంటనే పైకి రాదు. రోజుల తరబడి లోలోపలే రాజుకుంటూ ఉంటుంది.

ఆదోనిలో మా తమ్ముడు పనిచేసే, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు గోడౌనులోనూ మా సాఫ్ట్‌వేరే ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా ముందు టెస్టులు వాటంతటవే నడుస్తాయి. ఒక్కో టెస్టు వేడి పెరిగినట్టు నటించి, అలారం వస్తుందా రాదా అని చూస్తుంది. వస్తే పచ్చ గుర్తు, రాకపోతే ఎరుపు. ఎరుపు కనబడి చాలా కాలమైంది. పని అంత బాగా సాగుతోందనే అందరం సంతోషపడేవాళ్లం.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. టెస్టులు మొదలుపెట్టి, తలుపులు మూయడానికి లేచాను. తిరిగొచ్చేసరికి స్క్రీన్ నిండా పచ్చ గుర్తులు. హమ్మయ్య అనుకుని మేనేజర్‌కు మెసేజ్ పెట్టబోతే పోలేదు. వీధిలో కేబుల్ తెగి, ఇంట్లో నెట్ ఎప్పుడో పోయింది.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. ఆ టెస్టులు బెంగళూరులోని సర్వర్‌తో మాట్లాడాలి. నెట్ లేకుండా ఎవరితో మాట్లాడాయి? అలారం వచ్చిందని ఎట్లా తేల్చాయి?

ఫోన్ నుంచి నెట్ కలుపుకుని, ఒక టెస్టులో కావాలనే వేడి తగ్గించాను. మంచులో పెట్టినంత చల్లగా ఉన్నా అలారం మోగాలని రాశాను. ఫెయిల్ కావాల్సిందే. పాసైంది. ఇంకోటి చెడగొట్టాను. అదీ పాసే. కోడ్ తెరిచి కిందికి చదువుకుంటూ పోయాను. నెట్ తెగినప్పుడల్లా టెస్టులు ఆగిపోతున్నాయని, ఏ తప్పు ఎదురైనా పాసైనట్టే లెక్కేసి ముందుకు పొమ్మని ఎవరో ఎప్పుడో రెండు లైన్లు చేర్చారు. అలారం రాకపోవడం కూడా ఆ తప్పుల్లోనే కొట్టుకుపోతోంది.

మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

"అదే సార్ నా భయం. ఏది చెడిపోయినా గ్రీనే వస్తోంది. మొన్న పంపిన కొత్త వెర్షన్ అసలు పనిచేస్తోందో లేదో మనకు తెలీదు."

మిగతావాళ్లకు చెప్తానని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ కొత్త వెర్షన్ ఆదోనికి కూడా పోయింది.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"రేయ్, ఈ మధ్య అలారాలు మోగుతాండాయా?"

"ల్యాదక్కా, కొత్తది యేసినాక ఒక్కటీ మోగల్యా. శానా బాగుంది. ముందు ఎండ కాస్తే సాలు, ఒకటే గోల."

కొన్నాళ్లుగా నిప్పులు చెరిగే ఎండలు. రేకుల కప్పు కింద గోడౌను. అయినా ఒక్క అలారం లేదు.

"ఒక సెన్సర్ బయటికి లాగి, కాగే టీలో ముంచు."

"టీలోనా? ఏం మాటలక్కా ఇవి?"

"సెప్పింది సెయ్‌రా!"

ముందుగదిలో మగ్గం చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఫోన్లో తమ్ముడు ఎవరినో టీ తెమ్మనడం, గ్లాసు చప్పుడు, తర్వాత వాడి ఊపిరి వినిపించాయి.

"ముంచినా. ఫోన్ ఊకనే ఉందక్కా."

"ఇంకాసేపు సూడు."

"సూస్తానే ఉండా. ఏమీ రాల్యా." ఈసారి వాడి గొంతులో నవ్వు లేదు.

"అందరినీ పిల్సుకుని ప్రతి బేలు మీదా సెయ్యి పెట్టి సూడు. నీళ్ల పైపు దగ్గర పెట్టుకో. పొగ కనబడితే లోపల నిలబడాకు, బయటికొచ్చేయ్."

ఫోన్ పెట్టేశాడు. అమ్మ "ఏమైంది పాపా?" అంది. చెప్పాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఫోన్ చేస్తే వాడు ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. గోడౌను మూలన వాడు తలుపుకు దూరంగా ఉన్నట్టు, చుట్టూ పత్తి ఉన్నట్టు కళ్ల ముందు ఆడసాగింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

చివరికి వాడే చేశాడు. స్పీకర్‌లో పెట్టాను. దగ్గుతున్నాడు.

"యెనక గోడకాడ ఒక బేలు సెయ్యి పెట్టనీకుండా కాల్తాండాదక్కా. నలుగురం కలిసి బయటికి దొర్లించినాం. పట్టీ కోస్తానే లోపల్నుంచి గుప్పున పొగ. నడిమిట్లో అంతా నల్లగా మాడిపోయింది. నీళ్లు కొడతాండాం."

"నీకేం కాలేదు కదా?"

"సేతులు కొంచెం సుర్రుమన్నాయంతే. అమ్మకు సెప్పాకు."

అమ్మ అన్నీ వింటూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే ఆ రెండు లైన్లు తీసేసి టెస్టులు నడిపాను. స్క్రీన్ మీద వరసగా ఎరుపు. వేడి హద్దు దాటినప్పుడు ఫోన్లకు అలారం పోయే దారి కొత్త వెర్షన్‌లో తెగిపోయి ఉంది. మేనేజర్ పాత వెర్షన్‌ను అన్ని చోట్లా తిరిగి పెట్టించే పనిలో పడ్డాడు. అదయ్యేలోపు గోడౌన్లన్నింటినీ అందరం పంచుకుని ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. నా వంతుకు వచ్చినవాళ్లలో ఒకాయన ఎంతకీ ఎత్తలేదు. పొద్దు వాలేదాకా చేస్తూనే ఉన్నాను. అమ్మ అన్నం కలిపి పెట్టినా నోటికి పోలేదు.

ఎట్టకేలకు ఎత్తాడు. పెళ్లికి పోయి అప్పుడే వచ్చాడట.

"ఏముందమ్మా, అంతా బాగానే ఉంది. ఒక్క అలారం కూడా రాలేదు" అన్నాడు నిశ్చింతగా.

"అన్నా, నేను ఫోన్ పట్టుకునే ఉంటా. మీరు లోపలికి పోయి ప్రతి బేలు మీదా చెయ్యి పెట్టి చూడండి" అన్నాను.

గోడౌను తాళం తీస్తున్న చప్పుడు వినబడింది.