ఎనిమిదో దెబ్బ

నేను సంగీతం నేర్చుకోలేదు. లెక్కలు కూడా ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. నల్లకుంటలో ఒక టైల్స్ దుకాణంలో పనిచేస్తాను. గది పొడవు వెడల్పులు చెబితే ఎన్ని డబ్బాలు పడతాయో, మూలల్లో కోతకు ఎంత వృథా పోతుందో నోటితోనే చెప్పేస్తాను. ఆ అలవాటు పాటల్లోకి కూడా వచ్చింది. ఏ పాట విన్నా నా బొటనవేలు దానంతట అదే మిగతా వేళ్ల కణుపుల మీద నడవడం మొదలుపెడుతుంది.

ఒక మెటల్ రాక్ బ్యాండ్‌ను మొదటిసారి యూనివర్సిటీ క్యాంపస్‌లో విన్నాను. హాస్టల్ బాత్రూములకు కొత్త టైల్స్ వేయాలంటే కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. మెస్ వెనక షెడ్డులో నలుగురు విద్యార్థులు వాయిస్తున్నారు. గొంతు చించుకుని గరగరమని అరుస్తున్నవాడి మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. డ్రమ్స్ మాత్రం అర్థమయ్యాయి. చేతిలో టేపు పట్టుకుని కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయాను.

ఎనిమిదేసి దెబ్బల వరసలు మూడు వచ్చాయి. నాలుగో వరసలో ఏడే వచ్చాయి. చిటికెన వేలి నుంచి లెక్కపెడితే ఎనిమిది నడిమి వేలి రెండో కణుపు మీద పూర్తి కావాలి. మొదటి కణుపు మీదే ఆగి పాట మళ్లీ మొదలైంది. చీకట్లో మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేనట్టు, లెక్క కాలి కింద నుంచి జారింది. "ఒకటి తక్కువ!" అని కిటికీ బయటి నుంచే అరిచాను. డ్రమ్స్ కొడుతున్న అబ్బాయి, మౌలాలి నుంచి వచ్చేవాడట, తలెత్తి నన్ను చూసి నవ్వాడు.

అప్పటి నుంచి ఆ పాటలో ప్రతి నాలుగో వరసా ఏడుతోనే ఆగేది. వాళ్లు ఎక్కడ వాయించినా ఆ చోట "తక్కువ!" అని అరవడం రివాజైపోయింది. మొదట నేనొక్కణ్ణే, తర్వాత హాస్టల్ వాళ్లు, ఆ తర్వాత గోల్నాక నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో నల్ల టీషర్టుల్లో వచ్చేవాళ్లు. కొత్తవాడు అక్కడ తప్పకుండా దొరికిపోయేవాడు. దెబ్బ దెబ్బకూ తలలు ఊపుతూ ఆ చోటికి వచ్చేసరికి అందరి తలలూ పైకి లేస్తే వాడి తల కిందికి పోయేది. మళ్లీ వచ్చినప్పుడు వాడూ మాతో కలిసి అరిచేవాడు. అక్కడ నా అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ తక్కువన్ననే.

ఇన్నేళ్ల తర్వాత ఈ మధ్య వాళ్లు కొత్త పాటలు విడుదల చేశారు. ఫోన్లో పెట్టుకుని ఓపికగా అన్నీ విన్నాను. కీబోర్డు వచ్చి చేరింది. గరగర పోయింది. గాయకుడు సన్నగా, తీయగా పాడుతున్నాడు. అన్నీ నాలుగు, నాలుగు, నాలుగు. ఎక్కడా టైలు కోయాల్సిన పనిలేని గదిలా ఉన్నాయి పాటలు.

నా భార్య వంటింట్లోంచి తొంగిచూసి, "ఇప్పుడు మంచిగున్నది. మనిషి పాడినట్టున్నది," అంది.

దాంతో బ్యాండ్ పాడైపోయిందన్న నా అనుమానం ఖాయమైంది.

తర్వాత కొన్నాళ్లకు డ్రమ్మర్ ఫోన్ చేశాడు. "అన్నా, క్యాంపస్‌ల షో ఉన్నది. పాతది గూడ కొడుతున్నం. నువ్వు రావాలె. ఎట్లున్నదో సాఫ్ చెప్పాలె, నా మొఖం జూసి చెప్పొద్దు."

పాతది కూడా కొడుతున్నారన్న మాట పట్టుకుని వెళ్లాను. కొత్తవి ఎలా పోయినా ఆ ఒక్క పాట అలాగే ఉంటే, ఇంకొన్నేళ్లు వీళ్ల వెంట తిరగొచ్చు అనుకున్నాను. అది కూడా పోతే నాకు అక్కడ పనేముంది?

పొట్ట దగ్గర బిగిసిపోయిన పాత నల్ల టీషర్టు వేసుకుని ముందు వరసలో నిలబడ్డాను. ఇంకా ఎండ పోలేదు. చుట్టూ అంతా విద్యార్థులే. తెలిసిన ముఖం ఒక్కటీ కనిపించలేదు. కొత్త పాటలకు వాళ్లు చేతులు పైకెత్తి ఊగుతుంటే, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాను.

చివరికి పాతది మొదలైంది. బొటనవేలు కదిలింది. మూడు వరసలు సరిగ్గా పడ్డాయి. నాలుగో వరసలో బొటనవేలు నడిమి వేలి మొదటి కణుపు మీదికి రాగానే ఊపిరంతా కూడదీసుకుని అరిచాను:

"తక్కువ!"

అదే క్షణంలో ఎనిమిదో దెబ్బ పడింది. మెత్తగా, నిండుగా. ఇప్పుడు అక్కడ గిటార్లు ఆగి కీబోర్డు ఒక్కటే వస్తుందట. నా కేక ఆ సన్నటి చప్పుడు మీద ఒంటరిగా వేలాడింది.

పక్కనున్న అమ్మాయి పాపం నిజంగానే కంగారుపడి, "ఏం తక్కువైంది అంకుల్, సౌండా?" అంది.

"ఏం లేదమ్మా," అన్నాను.

షో అయ్యాక డ్రమ్మర్ నన్ను బండి మీద తార్నాక తీసుకొచ్చాడు. హోటల్లో చాయ్ చెప్పాడు. వాడి గడ్డంలో తెల్ల వెంట్రుకలు నేను అప్పుడే చూశాను.

"చెప్పు అన్నా."

"ఎనిమిది కొట్టినవ్."

"కొట్టిన."

"ఎందుకు?"

వాడు సాసర్‌ను అటూ ఇటూ జరిపాడు. "అది నేను తప్పు కొట్టిందే అన్నా. ఆ దినం షెడ్డుల లెక్క తప్పిన. నువ్వు కిటికీకాడికెళ్లి ఒకటి తక్కువ అని ఒర్రినవ్. దొరికిపోయిన అనుకున్న. మావోళ్లేమో, ఎవరో పెద్ద ఉస్తాద్ లెక్కున్నడు, ఆయనకు నచ్చింది, అట్లనే ఉంచుదాం అన్నరు."

"నేను తప్పు పట్టలేదురా. బాగుందని అరిచిన."

"గదే గదా. తప్పుకే తాళం పడ్డది. అప్పట్సంది నా తప్పును నేనే సక్కగ కొట్టుకుంట వచ్చిన. చెయ్యేమో ఎనిమిదో దానికి ఉరుకుతది, దాన్ని ఆపాలె. ఎప్పుడు కొట్టినా ఆపాలె. అలిసిపోయిన అన్నా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అంత సంబరంగ ఒర్రుతుంటే ఎట్ల చెప్పాలె?"

నాకు నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు. ఆ ఒక్క దెబ్బ చుట్టూ నేను ఎంత కట్టుకున్నాను! ఇంత ధైర్యంగా లెక్క విరిచేవాళ్లు ఊళ్లో ఇంకెవరున్నారని ఎంతమందికి చెప్పాను! విరిచింది ఎవరూ కాదు. జారింది, నేను అరిచాను, అంతే. అయినా ఆ జారుడే నాకు కావాలి. తప్పని తెలిశాక కూడా.

"సాఫ్ చెప్పాల్నా?" అన్నాను.

"గందుకే గదా పిలిచిన."

"నచ్చలే. కొత్తయి ఒక్కటి గూడ నచ్చలే. పాతదాన్ని గూడ కొత్తది చేసిన్రు."

"ఎర్కనే. స్టేజి మీదికెళ్లి నీ మొఖం కనవడ్డది."

చాయ్ అయిపోయింది. వాడు ఒక చేతి మణికట్టును రెండో చేత్తో నొక్కుకుంటున్నాడు.

"మళ్ల షో పెడితే వస్తవా?"

రానని చెప్పాలనే అనుకున్నాను. మణికట్టు మీదే చూపు ఆగింది.

"వస్త. గని ముందట నిలబడను."

"ఎనకకు సౌండ్ మంచిగుంటది అన్నా," అన్నాడు.

నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో లెక్క తేలలేదు. రోడ్డు మీదికి రాగానే బస్సు వచ్చింది, ఎక్కాను. సీటు దొరికింది.