మామ పెట్టని సంతకం

మొన్న గల్ఫ్‌లో మేముండే ఐకాడ్ కార్మికుల క్యాంపులో గది మారుతుంటే ఆఫీసువాళ్లు ఏదో కాగితం చేతికిచ్చారు. చదవకుండానే సంతకం గీకి పారేశాను. మా మేనమామ అక్కడ ఉంటే నెత్తిన ఒక్కటి మొట్టేవాడు.

మామ అల్ అయిన్ దారిలో ఒక తోటలో పన్నెండేళ్లు పనిచేశాడు. కరోనా వచ్చిన ఏడు మా ఫ్యాక్టరీ మూతపడితే నేనూ కొన్నాళ్లు అక్కడే చేరాను. డ్రిప్పు పైపులు వేసినా సరే, వేలు మట్టిలో గుచ్చి తడి చూస్తే గానీ మామకు నిద్రపట్టదు. "గొట్టం జెప్తదా, మన్ను జెప్తదా?" అని ఇంజనీరునే అడిగేవాడు. ఆయన నవ్వేవాడు గానీ, కీరలు మాత్రం మామ మాట ప్రకారమే కాసేవి.

తోట యజమాని, మామకు వీసా ఇచ్చిన కఫీల్, ముసలాయన, మంచివాడు. తోట తీసేసి సెలవులకొచ్చే వాళ్లకు అద్దె ఇళ్లు కట్టాలని కొడుకుల పోరు. వాళ్లకు అడ్డం పడాలని ఆయన ఒక ఆలోచన చేశాడు. నాలుగు గ్రీన్‌హౌసులు అయిదేళ్లపాటు మామ చేతిలో పెడతానన్నాడు. ఏం వేయాలో మామ ఇష్టం, పంటలో సగం మామది, మధ్యలో ఎవరూ కదిలించరాదు. ఆయన ఇదంతా హిందీలో చెప్పి, అరబ్బీ, ఇంగ్లీషుల్లో రాయించిన కాగితం ముందు పెట్టాడు. మామకు ఆ రెండూ రావు, ఇంగ్లీషు చదివి చెప్పాల్సింది నేనే.

ఊళ్లో మామది కౌలు బతుకు. ఎక్కువకాలం దున్నితే హక్కు అడుగుతాడేమోనని భూమిగల పటేలు రెండేళ్లకోసారి మామ దున్నే చెలక మార్చేవాడు. ఒకసారి "ఉత్త కాగితమేరా" అంటూ, ఈ భూమితో మామకు సంబంధం లేదని రాసినదాని మీద సంతకం పెట్టించుకున్నాడు. మరుసటి ఏడు ఆ చెలక వేరేవాడి చేతికి పోయింది.

"మంచిగనే ఉన్నది మామా, పెట్టు" అన్నాను.

"మొత్తం సదివినవా అల్లుడా?"

"సదివిన."

పచ్చి అబద్ధం. చదివింది సగం పేజీ. ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తున్నారు, నన్ను తీసుకెళ్లే బండి గేటు దగ్గర హారన్ మోగిస్తోంది. మామ నా మొహం చూశాడు, కలం కింద పెట్టేశాడు.

"పెట్టు, ఏం గాదని పటేలు గూడ గిట్లనే అన్నడు."

కఫీల్ కాగితం నా వైపు తోసి "ఖలాస్", ఇక అయిపోయింది, అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది.

చలికాలం రాకముందే కొడుకులు గ్రీన్‌హౌసులు పీకించారు, అదీ మామ చేతనే. మామ ఊరికి వెళ్లిపోయి, ఇప్పుడు మళ్లీ ఎవరిదో చెలక నోటిమాట మీద దున్నుతున్నాడు. చేతికొచ్చిన భూమిని భయంతో పోగొట్టుకున్నాడని క్యాంపులో అందరూ అంటారు. నేనూ చాలా రోజులు అదే అన్నాను, సిగ్గులేకుండా.

ఆ కాగితం నా సంచిలోనే ఉండిపోయింది. తర్వాత తీరిగ్గా చదివాను. కఫీల్ చెప్పిన ప్రతి మాటా అందులో ఉంది. మొత్తం నాలుగు పేజీలు, మామ పక్కన కూర్చుని మన మాటల్లో చెప్పడానికి పావుగంట చాలు. అయిదేళ్ల సేద్యం ఆ పావుగంట దగ్గర ఆగిపోయింది.