లండన్ బ్రిడ్జి మీద చిన్నల్లుడు

తోడల్లుడి మీద ఆమోసుకి ఉన్న అసూయని బస్తాలకెత్తితే చాండ్లర్ ఊళ్లోని గోదాములన్నీ నిండిపోయి, మిగిలింది రోడ్డు మీద పోయాల్సి వచ్చేది. తోడల్లుడి పేరు సుందర్ రాజ్. జెర్సీ సిటీలో కాపురం, మన్‌హట్టన్‌లో బ్యాంకు ఉద్యోగం. ఆమోసుది అరిజోనా ఎడారిలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల ముసుగు తొడుక్కుని పనిచేయాలి. ఎంత గొప్పగా చేసినా చేసిన మనిషి మొహం ఎవరికీ కనబడదు.

ఇద్దరూ బాపట్లలో ఒకే ఇంటికి అల్లుళ్లు. పెద్దమ్మాయి విమలకుమారి మొగుడు సుందర్ రాజ్, చిన్నమ్మాయి రూతు మొగుడు ఆమోసు. సుందర్ రాజ్ పొడుగు. చర్చిలో కీర్తన ఎత్తుకుంటే గంట మోగినట్టుండే గొంతు. అవన్నీ దేవుడిచ్చినవని ఆమోసు ఎలాగో సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకోలేనిది ఒక్కటే. బాపట్లలో అత్తగారి ముందుగదిలో, యేసుప్రభువు పటం పక్కన, సుందర్ రాజ్ ఫోటో ఉంది. ఇండియా వెళ్తూ దారిలో లండన్‌లో దిగినప్పుడు తీయించుకున్నది. వెనక రెండు గోపురాల వంతెన, ముందు ఓవర్‌కోటులో పెద్దల్లుడు. పాలవాడొచ్చినా, పోస్టుమాన్ వచ్చినా, "మా పెద్దల్లుడు. లండన్ బ్రిడ్జి కాడ" అని అత్తగారు దేవకరుణమ్మ చూపించేది. ఆమోసుదీ ఒక ఫోటో ఆ ఇంట్లో ఉంది. పెళ్లిది. పడగ్గదిలో, బీరువా చాటున.

అది చాలదన్నట్టు, ఒక ఏడు క్రిస్మస్‌కి జెర్సీ సిటీ వెళ్తే సుందర్ రాజ్ గోడకి దుప్పటి కట్టి లండన్ స్లైడ్లు వేశాడు. గడియారం గోపురం, దానికి అడ్డంగా సుందర్ రాజ్. సెయింట్ పాల్స్ గుమ్మటం, దానికీ అడ్డంగా సుందర్ రాజ్. రాజుల కోటలో నల్లటి కాకులు.

"ఈ కాకులు ఎగిరిపోతే రాజ్యం కూలిపోతుందంట తమ్ముడూ! అందుకని రెక్కలు కత్తిరించి మేపుతున్నారు."

"మా చాండ్లర్‌లో కాకులు ఫ్రీగానే తిరుగుతాయి అన్నయ్యా," అన్నాడు ఆమోసు. ఎవరూ నవ్వలేదు. ఇంకో స్లైడు పడింది.

1984లో దేవకరుణమ్మ అమెరికా వచ్చింది. ముందు పెద్ద కూతురింట్లో ఉండి, ఎండలు మండే జూన్‌లో చాండ్లర్‌లో దిగింది. దిగినప్పటి నుంచి పెద్దల్లుడి లండనే. ఒకరోజు అన్నం తింటూ అంది:

"నాకు ఆ ఊళ్లో ఇంకేం అక్కర్లేదు నాయనా. బోర్డింగు స్కూల్లో మా హార్‌గ్రీవ్స్ మిస్సమ్మ చెప్పేది. చిన్నప్పుడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని లండన్ బ్రిడ్జి మీద నిలబడేదంట. రాతిగోడ మీద గడ్డం ఆనించి పడవలు చూసేదంట. బాపట్లలోనే కన్నుమూసిందిగా పాపం, మళ్లీ చూళ్లేదు. ఆ రాయి ఒక్కసారి ముట్టుకుంటే చాలు. సుందరబాబు ఎప్పుడో చూపిస్తానన్నాడు."

సుందరబాబు! ఆమోసు కంచంలో చెయ్యి కడిగేశాడు. మర్నాడు ఫ్యాక్టరీలో పక్కసీటు అమెరికన్‌తో మొర పెట్టుకున్నాడు. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

"లండన్ బ్రిడ్జా? అది ఇక్కడే ఉందిగా! మన స్టేట్‌లోనే."

తెల్లవాడు తనని ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు ఆమోసు. కానీ అది నిజం. పాత వంతెన బరువుకి నదిలోకి కుంగిపోతుంటే లండన్ వాళ్లు అమ్మకానికి పెట్టారు. ఒక అమెరికా ధనవంతుడు కొని, రాళ్లకి నంబర్లు వేయించి, ఓడలకెక్కించి, లేక్ హవాసు అనే చోట ఎడారిలో మళ్లీ కట్టించాడు. సరస్సు పక్కనే ఉన్నా వంతెన చోట నీళ్లు లేవు. ముందు పొడినేల మీద వంతెన కట్టి, తరువాత కాలువ తవ్వి కిందికి నీళ్లు తెప్పించాడు. ఇక సుందర్ రాజ్ ఫోటోలోది లండన్ బ్రిడ్జే కాదు. దాని పొరుగున ఉన్న టవర్ బ్రిడ్జి. చాలామంది పడే పొరపాటే, కానీ ఆమోసుకి సువార్త విన్నంత సంతోషమైంది. ఆ సాయంత్రమే సుందర్ రాజ్ దగ్గరున్న దానికంటే పెద్ద కెమెరా కొన్నాడు.

శనివారం ముగ్గురూ కారెక్కారు. నాలుగు గంటల ఎడారి. జెముళ్లు కూడా చేతులెత్తేసి నిలబడే ఎండ.

"లండన్‌కి కార్లో వెళ్లొచ్చా అల్లుడుగారూ?" అంది దేవకరుణమ్మ.

"నా కార్లో వెళ్లొచ్చు అత్తయ్యా."

"ఏమండీ, ముందు రోడ్డు చూడండి," అంది రూతు.

వంతెన కనబడింది. అయిదు కమానులు, కింద పచ్చటి నీళ్లు, పక్కన ఇంగ్లండు వేషం వేసుకున్న కొట్లు, ఒక ఎర్ర టెలిఫోను డబ్బా. ఆమోసు చెప్పిన సంగతంతా విన్న దేవకరుణమ్మ నేరుగా నడిచి, రాతిగోడ మీద అరచెయ్యి వేసి చటుక్కున తీసింది.

"అమ్మో! చల్లగా ఉండేదని చెప్పిందే మిస్సమ్మ!"

పైట చెంగు మడిచి రాయి మీద పరుచుకుంది. దాని మీద గడ్డం ఆనించింది. అలాగే చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. కళ్లు తుడుచుకోవడం రూతు చూసింది. ఆమోసు చూడలేదు. అతను లెన్సు సర్దుకుంటున్నాడు.

"అత్తయ్యా, అన్నయ్య ఫోటోలోది ఇది కాదు, తెలుసా?"

"తెలుస్తానే ఉంది. దానికి గోపురాలున్నాయిగా. అదీ బాగానే ఉంటుందిలే."

"బాగుండటం కాదు. అది లండన్ బ్రిడ్జి కాదంటున్నాను!"

"సరే నాయనా, ఇదే లండన్ బ్రిడ్జి. దీన్నీ గోడకి పెడతాను. దాని పక్కనే."

పక్కనే! ఆమోసు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఫోటోలు తీశాడు. తల్లి, కూతురు, కమాను. తల్లి, దీపస్తంభం. అటుగా పోతున్న ఒక ముసలి దొర ఆగి, ముగ్గురికీ కలిపి తీసిపెట్టనా అన్నాడు. ఆమోసు కెమెరాని గుండెకి హత్తుకున్నాడు. అంత ఖరీదైన వస్తువు పరాయి చేతికా? రూతునే ముట్టుకోనివ్వలేదు.

"నో, థ్యాంక్యూ," అన్నాడు.

దేవకరుణమ్మ బాపట్ల వెళ్లిపోయింది. క్రిస్మస్ నాడు పాస్టరుగారింటికి ఫోన్ చేసి ఆమెని పిలిపించారు. రూతు ఇంకా వందనాలు చెబుతుండగానే ఆమోసు రిసీవర్ లాక్కున్నాడు.

"అత్తయ్యా! ఫోటో పెట్టారా?"

"పెట్టాను నాయనా, ఫ్రేము కట్టించి మరీ పెట్టాను. ఊరంతా వచ్చి చూస్తున్నారు. పెద్దల్లుడు ఎంత మంచోడమ్మా, నిన్ను కూడా లండన్ తీసుకెళ్లాడు అంటున్నారు."

"పెద్దల్లుడా?!"

"మరి పక్క ఫోటోలో ఆయనేగా ఉంది! కాదు, చిన్నల్లుడు తీసుకెళ్లాడని నేను చెబుతానే ఉన్నా. ఏడీ, ఎక్కడున్నాడని అడుగుతున్నారు. ఏం చెప్పను? నువ్వు అందులో లేవు కదయ్యా."

ఆమోసు రిసీవర్ భార్యకిచ్చి వెళ్లి సోఫాలో కూర్చున్నాడు. పులిహోర ముట్టలేదు. తన వంతెన, తన పెట్రోలు, తన కెమెరా. పేరు మాత్రం ఓవర్‌కోటుది!

శనివారం రూతు లేచేసరికి కారు లేదు. మిట్టమధ్యాహ్నానికి ఆమోసు పెళ్లినాటి సూటులో, టై కట్టుకుని, లేక్ హవాసు ఒడ్డున వంతెన కనబడే చోట నిలబడి ఉన్నాడు. ఎదురైన మొట్టమొదటి మనిషికి, ఐస్‌క్రీం తింటూ వస్తున్న ఒక లావుపాటి దొరకి, తనే వెళ్లి కెమెరా అప్పగించాడు.

"వంతెన మొత్తం రావాలి. నేనూ బాగా కనబడాలి," అని చెప్పాడు.

దొర ఒక కన్ను మూసి చూశాడు. వెనక్కి నడిచాడు, ముందుకొచ్చాడు.

"రెండూ కుదరవు మిత్రమా. వంతెన అంతా వస్తే నువ్వు చీమంత అయిపోతావు."

ఆమోసు వెనక్కి తిరిగి ఆ అయిదు కమానులనీ ఒకసారి చూశాడు. టై సర్దుకున్నాడు.

"అయితే వంతెన తగ్గించండి," అన్నాడు.